సొన పాలిపోయిందట

"ఏటి బాబూ, ఈసారి గుడ్లలో సత్తువే నేదు" అన్నారు మామ్మగారు. విశాఖ మధురవాడలోని అపార్ట్‌మెంట్లో ఉండే ఆవిడ వారానికి ఒక ట్రే తీసుకుంటారు. గుడ్డు గిన్నెలో కొట్టి మరీ చూపించారు. సొన నిమ్మపండు కంటే లేతగా ఉంది.

మాకు ఆనందపురం దగ్గర చిన్న షెడ్డు, మూడు వందల లేయర్ కోళ్లు (గుడ్ల కోసం పెంచేవి), గోధుమరంగు గుడ్లు పెట్టే రకం. ఆ నెల మొక్కజొన్న రేటు చూసి సగం తగ్గించి నూకలు కలిపాను. గుడ్ల సంఖ్య తగ్గలేదు, సైజూ తగ్గలేదు. కానీ సొన పసుపు కోడి సొంతంగా తయారుచేసుకునేది కాదు, మేతలోంచే రావాలి. మొక్కజొన్నలో ఆ రంగు ఉంటుంది, నూకల్లో ఉండదు. సొన లేతబడినంత మాత్రాన గుడ్డులో ప్రోటీన్ తగ్గదు. ఇదంతా చెబితే మామ్మగారు వింటారా? "మా చిన్నప్పుడు నాటుగుడ్డు సొన ఎర్రగుండేది" అంటారు. నాటుకోడి పగలంతా పచ్చగడ్డి పొడుచుకు తింటుంది మరి.

దాణా షాపతను రంగు పొడి ప్యాకెట్ చేతిలో పెట్టాడు. వెనక చదివితే నవ్వొచ్చింది. బంతిపూల సారమట! పూల మార్కెట్ పక్కనే పెట్టుకుని బంతిపొడి కొనుక్కోవాలా? అమ్ముడుపోని బంతి రెండు బస్తాలు తెచ్చి, నేనూ మా ఆవిడా రేకలు దూసి డాబా మీద ఆరబోశాం. ఎండకి సగం వెలిసిపోయాయి (నీడలో ఆరబెట్టాలని తర్వాత తెలిసింది). మిగిలినవి పొడి చేసి దాణాలో కలిపితే పది రోజులకల్లా సొన పసుపెక్కింది. సంబరపడి మా పశువుల డాక్టరుగారికి ఫోటో పెట్టాను.

వెంటనే ఫోన్. "ఆ పూల మీద పురుగుమందు ఎన్నిసార్లు కొట్టారో కనుక్కున్నావా?"

కనుక్కోలేదు. దండలకి పోయే పూలు, ఎవరూ తినేవి కావు, మందు కొట్టాక ఎన్నాళ్లకి కోశారో ఎవరు చూస్తారు! కొవ్వులో కరిగే మందులైతే సొనలోకే చేరతాయట. మిగిలిన పొడి గోతిలో పూడ్చేశాను. ఆ వారం గుడ్లు మాత్రం అప్పటికే మధురవాడ వెళ్లిపోయాయి. మామ్మగారు మెచ్చుకున్నది వాటినే.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ ముక్కుకి దండం పెట్టాలి. హార్బర్ నుంచి ఎండుచేపల పొడి చవగ్గా వస్తే కలిపాను, గుడ్డు నీచు వాసన వస్తోందని ఇట్టే పట్టేశారు. గోధుమరంగు గుడ్లు పెట్టే కోళ్లలో కొన్నిటికి ఆ వాసన పదార్థాన్ని విరగ్గొట్టే శక్తి పుట్టుకతోనే ఉండదు, అది నేరుగా సొనలోకి పోతుంది.

రంగు సంగతి ఎలా ఉన్నా, నాకు అసలు టెన్షన్ మే నెల. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పుతుంటే ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, పెంకు కట్టడానికి కావాల్సిన కార్బొనేట్ తగ్గిపోతుంది. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. పైగా ఆ ఉక్కకి మేత కూడా ముట్టవు. పోయిన ఏడాది ట్రేకి ఐదారు చిట్లాయి. షాపతను ఇంకో ప్యాకెట్ తీశాడు, గుడ్లు పెరుగుతాయంటూ, ఏదో యాంటీబయాటిక్. వద్దన్నాను. మనుషులకి ఇంకే యాంటీబయాటిక్ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్ లాంటి ఆఖరి మందుని కూడా దాణాల్లో వాడేసరికి కదా 2019 జులైలో కేంద్రం నిషేధించాల్సి వచ్చింది!

డాక్టరుగారు చెప్పింది వంటసోడా, రాళ్లు. తగ్గిన కార్బొనేట్ భర్తీకి సోడా, తూకం వేసి నీళ్లలో. కాల్షియం కోసం సున్నపురాయి, అది మాత్రం పిండిగా కాదు, బియ్యపుగింజ కంటే పెద్ద పలుకులుగా, సాయంత్రం పూట వేయమన్నారు. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రిపూట. పలుకైతే కందనకాయలో నిలిచి, తెల్లవార్లూ కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఐదింటికి రేకు తొట్టిలో వేస్తే టకటకా ఒకటే చప్పుడు, మూడు వందల ముక్కులు.

ఇప్పుడు ట్రేకి ఒకటో రెండో చిట్లుతున్నాయి. మొక్కజొన్న మళ్లీ పూర్తిగా పెట్టాను. పెంకు గురించి మామ్మగారు ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు.