పొగ పెట్టడం

నవంబరు, గురువారం. రాత్రి పదకొండు దాటింది. కరెంటు ఇంకా రాలేదు. ఫోను లైటు పుస్తకం మీదికి వంచి పెట్టుకుని రాస్తున్నా.

పొద్దున్నుంచీ ముసురే. రాత్రి పట్టుకున్న వాన తెల్లారినా వదల్లేదు. బండి మీద బాలాజీ కాలనీ వైపు వస్తుంటే కొండ ఉండాల్సిన చోట ఒట్టి మబ్బు. కపిలతీర్థంలో నీళ్ళు బాగా దూకుతున్నాయని పాలాయన చెప్పాడు. ఆదివారం అమ్మను తీసుకెళ్ళాలి.

మా జిరాక్సు షాపుకి నవంబరంటే పెన్షనుదారుల నెల. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, గొడుగులు గోడకి వారగా పెట్టి, పది గంటలకల్లా ఐదారుగురు బెంచీ మీద కూర్చుని ఉంటారు. వేలిముద్ర మిషను చాలామందికి పలకదు. తుడిచి పెట్టడం, ఊది పెట్టడం, వేలు మార్చి పెట్టడం. జీవితమంతా పనిచేసిన చేతులు, గీతలు అరిగిపోయి ఉంటాయి. ఎవరైనా విసుక్కుంటే నాకు బాధేస్తుంది. తప్పు వాళ్ళది కాదు.

పన్నెండు గంటలప్పుడు ఒక పెద్దాయన వచ్చారు. డెబ్బై ఐదు దాటి ఉంటాయి, మనిషి మాత్రం నిటారుగా ఉన్నారు. బొటనవేలు పలకలేదు, చూపుడువేలూ పలకలేదు. చెయ్యి పట్టుకుని తడిగుడ్డతో తుడిచి చూశాను. వేళ్ళ కొసలు చింతగింజల్లా నున్నగా మెరుస్తున్నాయి. అరచేతికి అడ్డంగా పాతకాలపు కాలిన మచ్చ.

"ఆవిరి పైపు నాయనా, నేవీలో" అన్నారు నేను అడక్కముందే. "ఆ వేళ్ళల్లో ఇంకేం మిగల్లేదు. మొకం ఫోటో తీసేయ్."

ముఖం ఫోటోతో చేద్దామని ఫోను తీశా. వానకి నెట్టు ఆగి ఆగి వస్తోంది, చక్రం తిరుగుతూనే ఉంది. ఆ లోపల ఆయన నా కంప్యూటర్ వైపు చూశారు. తెర మీద నేను కంప్యూటర్ ఆటలో నడిపే ఓడ బొమ్మ ఉంటుంది, దాని పేరు ఫ్లెచర్. కళ్ళద్దాలు పైకి తోసుకుని ముందుకి వంగారు.

"డిస్ట్రాయరు గదా ఇది? రెండు పొగగొట్టాలుండాయి. మాదానికి ఒకటే."

"మీదే ఓడ సార్?"

"రణజిత్. పాతది."

చేతిలో పని ఆగిపోయింది నాకు. డిస్ట్రాయరంటే జోరుగా పోయే చిన్న యుద్ధనౌక. 1949లో మన దేశం బ్రిటన్ దగ్గర తీసుకున్న మూడు డిస్ట్రాయర్లు రాజ్‌పుత్, రణజిత్, రాణా. మూడూ రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చినవే. అక్కడ వాటి పేర్లు రోథర్‌హామ్, రిడౌట్, రెయిడర్. 1971 డిసెంబరులో విశాఖ బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి డెప్త్ ఛార్జీలు, అంటే నీళ్ళ లోపల పేలే బాంబులు, వేసింది ఆ రాజ్‌పుతేనని మన నౌకాదళం చెబుతుంది. ఇదంతా నేను చదువుకున్నది. అలాంటి ఓడ కడుపులో నిలబడి పనిచేసిన మనిషి నా షాపు బెంచీ మీద, తడిసిన పంచె అంచు పిండుకుంటూ కూర్చుని ఉన్నారు.

బాయిలర్ రూములో చేశారట. "పైన ఏం జరగతా ఉండేదీ మాకు తెలిసేది గాదు నాయనా. పగలో రాత్రో కూడా తెలీదు. గంట కొడతారు. స్పీడు పెంచమంటే పెంచాల, తగ్గించమంటే తగ్గించాల. అంతే."

ఎన్నాళ్ళుగానో నాకొక అనుమానం, అడిగేశాను. డిస్ట్రాయర్లు పొగ వదిలి మిగతా ఓడల్ని దాచేవంటారు కదా, ఆ పొగ ఎట్లా వచ్చేది?

"ఓ, అదా! ఎక్సర్‌సైజుల్లో చేసేవాళ్ళం. బర్నర్లకి నూనె పోతా ఉంటాది గదా. గాలి తగ్గించేయాల. నూనె సరిగ్గా కాలదు. తారు మాదిరి నల్లగా పోతాది పైకి. మామూలు రోజుల్లో పొగ కనపడితే తిట్టేవాళ్ళు. ఆ పొద్దు మాత్రం పొగ రాకపోతే తిట్టేది." చేత్తో గాలిలో ఒక చక్రం పట్టుకుని మెల్లగా మూసినట్టు చూపించారు. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ చేతికి ఎంత తిప్పాలో గుర్తుంది.

సర్టిఫికెట్ వచ్చేసరికి టోనర్ అయిపోయింది. ప్రింటు రేపు తీసుకుంటానని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. నేను మాత్రం సాయంత్రం దాకా ఆ చక్రాన్నే తలుచుకుంటూ ఉన్నా.

మన మాటల్లో ఒకరికి పొగ పెట్టడమంటే వాళ్ళని అక్కడినుంచి వెళ్ళగొట్టడం. డిస్ట్రాయర్ల పొగ దానికి ఎదురు. పక్కవాణ్ణి బతికించడానికి పెట్టే పొగ అది.

మూడేళ్ళుగా వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ ఆడుతున్నా. మా అక్క కొడుకు చిత్తూరు నుంచి, నేను ఇక్కణ్ణించి, ఫోను స్పీకర్లో పెట్టుకుని. వాడికి బ్యాటిల్‌షిప్పులంటే, అంటే లావు కవచం ఉన్న పెద్ద యుద్ధనౌకలంటే పిచ్చి, లావు ఫిరంగులు కావాలి. నేను మొదట్నుంచీ డీడీనే. ఆటగాళ్ళు డిస్ట్రాయర్‌ని డీడీ అంటారు, అమెరికా నేవీ వాటి నంబర్ల ముందు వేసే అక్షరాలు అవి. ఇటు పన్నెండు ఓడలు, అటు పన్నెండు, ఇరవై నిమిషాల ఆట. డీడీకి కవచం ఉండదు. పెద్ద గుండ్లు రెండు సరిగ్గా తగిలితే ఇంక లేచే పని లేదు. అయినా అందరికంటే ముందు పోవాల్సింది అదే. శత్రువు ఎక్కడున్నాడో చూడాలి, తాను కనపడకూడదు. ఆరు కిలోమీటర్ల దగ్గరికి వెళ్ళేసరికి తెర మీద హెచ్చరిక వెలుగుతుంది, నన్ను చూసేశారని. ఆ క్షణంలో వెన్నులో జరజరమని ఏదో పాకుతుంది, మూడేళ్ళయినా అది పోలేదు. టార్పిడోలు, అంటే నీళ్ళలో దూసుకెళ్ళి ఓడకి తగిలి పేలేవి, వదిలేటప్పుడు తెర మీద విసనకర్రలా ఒక ఆకారం పరుచుకుంటుంది. వెడల్పుగా వేయాలా, సన్నగా వేయాలా? వాడు తిరుగుతాడా, నేరుగానే వస్తాడా? అక్కడ అవతలి మనిషి మనసు చదవాలి. గురి కంటే అదే కష్టం.

ఎందుకు డీడీనే అంటే, జాన్‌స్టన్ వల్ల. అది కూడా ఫ్లెచర్ తరగతి అమెరికా ఓడే. ఆ తరగతిలో మొత్తం 175 కట్టారు. ఒక్కోటి 115 మీటర్ల పొడవు, ఐదు ఫిరంగులు, పది టార్పిడోలు. 1944 అక్టోబరు 25 తెల్లవారుజామున ఫిలిప్పీన్స్‌లో సమార్ దీవి దగ్గర ఆరు చిన్న విమానవాహక నౌకలకి కాపలాగా ఉంది. కాపలా మొత్తం మూడు డిస్ట్రాయర్లు, వాటికంటే చిన్నవి నాలుగు. వాటి మీదికి జపాన్ అడ్మిరల్ కురిటా దళం వచ్చి పడింది. నాలుగు బ్యాటిల్‌షిప్పులు, వాటికంటే కాస్త చిన్నవైన పెద్ద క్రూయిజర్లు ఆరు, ఇంకా బోలెడు. అందులో జపాన్ అతిపెద్ద బ్యాటిల్‌షిప్పు యమాటో కూడా ఉంది. యమాటో మీద ఫిరంగుల గోపురాలు మూడు. ఒక్క గోపురం బరువే 2,500 టన్నులు, అంటే జాన్‌స్టన్ మొత్తం ఓడంత.

జాన్‌స్టన్ కెప్టెన్ పేరు ఎర్నెస్ట్ ఎవాన్స్. ఓక్లహోమాలో పుట్టినవాడు, చెరోకీ రక్తం. పై నుంచి ఆర్డరు వచ్చేదాకా ఆగలేదు. ముందు విమానవాహక నౌకలకి అడ్డంగా పొగ పరిచాడు, తర్వాత ఒక్కడే ఎదురెళ్ళాడు. తొమ్మిది కిలోమీటర్ల దగ్గరికి పోయి పది టార్పిడోలూ వదిలాడు. ఒకటి కుమానో అనే క్రూయిజర్ ముక్కు ఎగరగొట్టింది.

ఆ కుమానో మనకి తెలియని ఓడేం కాదు. 1942 ఏప్రిల్ 6న మన బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని వేటాడి ముంచిన జపాన్ దళంలో అదొకటి. ఆ రోజే ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసు సగం ఖాళీ అయింది. మద్రాసులో కొలువు చేసే చుట్టాలు పెట్టెలు, పిల్లల్తో మా ఊరికొచ్చి రెండు నెలలు ఉండిపోయారని, పొయ్యి ఆరకుండా సంగటి కెలికేవాళ్ళమని మా జేజి చెప్పేది. 'జపాను వాడొస్తాండాడు' అన్నది ఆమెకి చిన్నప్పటి భయం. ఆ భయం తెచ్చిన ఓడల్లో ఒకదాన్ని రెండున్నరేళ్ళ తర్వాత ఒక చిన్న డిస్ట్రాయర్ ఆపిందని తెలిసుంటే ఆమె ఏమనేదో. చెప్పడానికి ఇప్పుడు ఆమె లేదు.

ఆటలో టార్పిడోలు వదిలిన కాసేపటికి మళ్ళీ నిండుతాయి. జాన్‌స్టన్‌కి ఆ పదే. అవి అయిపోయాక పెద్ద గుండ్లు తగిలి సగం ఇంజన్లు పోయాయి, వేగం సగానికి పడింది, ఎవాన్స్ ఎడమచేతి వేళ్ళు రెండు తెగిపోయాయి. ఇంక వెనక్కి పోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కానీ మిగతా డిస్ట్రాయర్లు టార్పిడోలు వేయడానికి వెళ్తుంటే వాటికి తోడుగా ఫిరంగులు పేల్చడానికి మళ్ళీ తిరిగి వెళ్ళాడు. చివర్లో పైనుంచి ఓడ తిప్పే దారి లేక, వెనకభాగానికి వెళ్ళి, కింద చుక్కానిని చేతుల్తో తిప్పుతున్న వాళ్ళకి తలుపు సందులోంచి అరిచి చెప్పాడు, ఇటు, అటు అని. ఉదయం పది దాటాక ఓడ మునిగింది. 327 మందిలో 186 మంది పోయారు. ఎవాన్స్ దొరకలేదు. కురిటా దళం మాత్రం వెనక్కి తిరిగిపోయింది.

2021లో మనిషి ఎక్కిన జలాంతర్గామి ఒకటి జాన్‌స్టన్ దగ్గరికి దిగింది. 6,456 మీటర్ల లోతు. తిరుమల కొండని ఐదుసార్లు ఒకదానిమీద ఒకటి పేర్చినా ఆ లోతు పూడదు. ఆ చీకట్లో ఓడ ముందుభాగం నిలబడే ఉంది, 557 అనే నంబరు ఇంకా చదవొచ్చు.

ఇదంతా నాకు ముందే తెలుసు. చాలాసార్లు చదివాను. కానీ ఇన్నాళ్ళూ నేను ఎవాన్స్ పక్కన, పైన నిలబడే చూశాను. ఆటలో కూడా అంతే, ఓడ వెనకాల ఆకాశంలోంచి చూస్తాం, సముద్రమంతా కనిపిస్తుంది. ఈ రోజు ఆ పెద్దాయన గాలిలో చక్రం తిప్పినప్పటి నుంచి నేను కిందికి దిగాను. జాన్‌స్టన్‌లో బాయిలర్లు నాలుగు. పైన యమాటో ఉందని కింద ఉన్నవాళ్ళలో ఎంతమందికి తెలుసు? గంట మోగింది, గాలి తగ్గించారు, మంట ఎర్రబడింది. తామే చేసిన పొగని వాళ్ళు కళ్ళతో చూడను కూడా చూడలేదు.

ఎనిమిదిన్నరకి ఇల్లు చేరా. అమ్మ రాగిసంగటి, ఊరుబిండి చేసింది. "తిని కూర్చోరా నైనా, నీ ఓడ యాడికీ పోదు" అంది. తిన్నా. తొమ్మిదింటికి అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, రెడీనా?"

మొదటి ఆట గురించి రాయడానికేం లేదు, గెలిచాం. రెండోదాంట్లో వాడు అయోవా అనే బ్యాటిల్‌షిప్పు తీసుకుని తొందరపడి దీవి దాటి ముందుకి పోయాడు. మూడు ఓడలు పట్టుకున్నాయి. రెండు చోట్ల మంటలు, ప్రాణం పదో వంతు కూడా లేదు. "మామా, మామా, అయిపోయినా నేను!" అని గొంతు సన్నబడింది వాడికి. ఇరవై రెండేళ్ళొచ్చినా అలాంటప్పుడు మా అక్క చంకలో ఉన్నప్పటి గొంతే.

నేను అటువైపు ఉన్నా, వాళ్ళ కంట పడకుండా. ఇంకో అర నిమిషం ఆగితే నాకు మంచి టార్పిడో గురి దొరికేది. వదిలేసి తిప్పాను. వాడికీ వాళ్ళకీ మధ్యలోకి వెళ్ళి, వేగం తగ్గించాను. వాడిది లావు ఓడ కదా, మనం జోరుగా పోతే పొగ ముందే అయిపోతుంది, వాడు బయటే ఉండిపోతాడు. వాడి ముక్కుకి నా తోక ఆనించినట్టు మెల్లగా పోవాలి. హెచ్చరిక వెలిగింది. నన్ను చూసేశారు. మీట నొక్కాను.

ఎప్పుడూ నొక్కే మీటే. ఈ రోజు మాత్రం నొక్కిన వేలు వెంటనే తియ్యలేకపోయా. ఓడ వెనకాల తెల్లగా ఉబ్బుతూ వచ్చింది పొగ. కింద ఎవరో చక్రం మూస్తున్నట్టే అనిపించింది.

"లోపలికి రా. నా వెనకాలే రా. తిరగొద్దు."

"వస్తాండా మామా."

అంతలో ఠప్పున కరెంటు పోయింది. తెర నల్లగా అయిపోయింది. వీధి మొత్తం చీకటి, రేకుల మీద వాన చప్పుడు. అమ్మ వంటింట్లో అగ్గిపెట్టె కోసం తడుముతోంది. ఫోను మాత్రం పనిచేస్తోంది.

"మామా, యాడికి పోయినావు? నీ ఓడ ఒంటిగా నేరుగా పోతాండాది. అందరూ దాన్నే కొడతాండారు."

"కరెంటు పోయిందిరా. పొగ ఉందా?"

"ఉండాది."

"నువ్వు?"

"దాంట్లోనే ఉండా మామా. మంటలు ఆరిపోయినాయి."