వాగు తిన్నగా పోతుందా?

కాగజ్‌నగర్ స్టేషన్‌లో తెల్లవారకముందే తొమ్మిది మందిమి పోగయ్యాం. ఇంటర్న్‌లం నలుగురం, మా సంస్థలో పనిచేసే అక్క, కెరమెరి మండలంలోని ఒక గోండు గూడెం నుంచి ఊరి పెద్ద పటేల్, ఆయన వెంట ఇద్దరు ఆడవాళ్లు, ఒక కుర్రాడు. డిసెంబరు చలి. పటేల్ గొంగడి కప్పుకుని, చేతిసంచిలో జొన్నరొట్టెలు పెట్టుకుని వచ్చాడు. మాకేమో ఒక్కొక్కరికి రెండు బ్యాగులు, పవర్‌బ్యాంకులు.

నేను ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) రెండో ఏడాది. ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్. అడవిని కాపాడే పని అని హాస్టల్లో చెబితే మొక్కలు నాటుతావా, పులుల్ని లెక్కపెడతావా అని అడిగారు. నిజం చెప్పాలంటే నేనూ కాస్త అలాగే ఊహించుకున్నాను. వెళ్లాక తెలిసింది, అసలు పనంతా కాయితాలదేనని.

2006 అటవీ హక్కుల చట్టం పేరు చెబితే మా వైపు అందరికీ పోడు పట్టానే గుర్తొస్తుంది. 2023 జూన్ 30న ప్రభుత్వం పట్టాల పంపిణీ మొదలుపెట్టింది కూడా ఆసిఫాబాద్‌లోనే. కానీ అదే చట్టంలో ఇంకో హక్కు ఉంది. ఊరు తరతరాలుగా వాడుకుంటున్న అడవి మొత్తాన్ని కాపాడుకునే, నడుపుకునే హక్కు గ్రామసభకే ఇస్తుంది. దానికి ఫారం సి. ఆ ఫారం పేరు కూడా మా గూడెంలో చాలామంది వినలేదు. హద్దులు ఎక్కడెక్కడో, ఏ వాగు, ఏ గుట్ట, ఏ దేవర ఉన్న చోటో రాసి, పటం గీసి పెట్టాలి. పెద్దమనుషులు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే. మా నలుగురి పని ఆ మాటలు రాయడం, ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని వాళ్ల వెంట హద్దు నడవడం. మొదటి మూడు వారాలు అదే చేశాం. పటం గీసింది నేనే. బాగా వచ్చిందని ఇంటికి ఫొటో కూడా పంపాను.

ఇప్పుడు వెళ్తున్నది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, మెండా అనే ఊరికి. పక్కనే లేఖా ఉండటంతో అందరూ మెండా-లేఖా అంటారు. దేశంలో ఇలాంటి సామూహిక హక్కు అందరికంటే ముందు, 2009లో, అందుకున్న ఊళ్లలో అదొకటి. సుమారు 1,800 హెక్టార్ల అడవి. వంద ఇళ్ల ఊరు అంత అడవిని ఎలా చూసుకుంటుందో మన గూడెం వాళ్లు కళ్లారా చూడాలని అక్క ఆలోచన.

మాకుడి దాటాక స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయి మరాఠీ వచ్చింది. బల్లార్షా ముందు వార్ధా నది. చంద్రాపూర్‌లో రైలు దిగి ఎర్రబస్సు ఎక్కాం. మూల్, సావలి మీదుగా గడ్చిరోలి చేరేలోపు వైన్‌గంగ వచ్చింది. బస్సు వంతెన మీద ఉండగా పటేల్ కిటికీలోంచి చేయి చూపించి, "పొద్దున దాటినం గదా, అదీ ఇదీ కలిసే మన ప్రాణహిత బిడ్డా" అన్నాడు. ఈ సంగతి నేను బడిలో చదువుకున్నదే. అయినా ఆ మాట అనేదాకా పొద్దున దాటింది ఆ నదేనని నాకు తట్టలేదు.

గడ్చిరోలి నుంచి ధానోరా వెళ్లే దారిలో దిగాం. దారి పొడుగునా కోసేసిన వరి మళ్లు, ఆ వెనక అడవి. ఊరి దగ్గర ఒక నినాదం: 'దిల్లీ ముంబైత్ ఆమ్చే సర్కార్, ఆమ్చ్యా గావాత్ ఆమ్హీచ్ సర్కార్.' ఢిల్లీలో, ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు అని. మా కుర్రాడు దాన్ని కూడబలుక్కుని చదివి నవ్వాడు. ఆసిఫాబాద్ వైపు గోండు ఊళ్లలోనూ 'మావా నాటే మావా రాజ్' అంటారు. మాట అదే.

ఆ సాయంత్రం నుంచి మా స్థానాలు తారుమారయ్యాయి. అక్కడివాళ్లకు మరాఠీ, గోండి వచ్చు. మాకు రెండూ రావు. హిందీలో సగం సగం నెట్టుకొచ్చాం. యాస కొంచెం వేరంటూనే పటేల్, ఆడవాళ్లు పది నిమిషాల్లో వాళ్లతో కలిసిపోయారు. ఇన్నాళ్లూ గూడేనికి ఫారాలు అర్థం చేయించింది మేము. ఇక్కడ నెగడు చుట్టూ కూర్చున్నాక, ఎవరు ఏమన్నారో పటేల్ మాకు తెలుగులో చెబితే రాసుకున్నాం. అప్పుడప్పుడు ఆయన పావుగంట విని ఒక్క వాక్యం చెప్పేవాడు. మిగతాది ఏమైంది తాతా అంటే, "నీకు అక్కర్లేదులే" అనేవాడు.

వాళ్ల కథలో నన్ను బాగా పట్టేసింది వెదురు సంగతి. హక్కు పత్రం వచ్చాక ఊరు వెదురు కోసి అమ్ముకోవాలనుకుంది. అడవి దాటించాలంటే రవాణా పర్మిట్ కావాలి. అటవీ శాఖ ఇవ్వనంది. 1927 నాటి అటవీ చట్టంలో 2017 దాకా వెదురు చెట్ల లెక్కలోనే ఉండేది. 2006 చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తి. ఒకే వెదురు ఒక చట్టంలో చెట్టు, ఇంకో చట్టంలో కాదు! చివరికి 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరామ్ రమేశ్ ఆ ఊరికే వచ్చి, పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి ఇచ్చారు. పత్రం అందాక కూడా దాదాపు రెండేళ్లు పట్టింది. ఎనిమిది వారాలకు నాకు సర్టిఫికెట్ వస్తుంది. మా గూడెం ఫారం ఆ వేళకు, దాన్ని పరిశీలించే సబ్ డివిజన్ కమిటీ గడప దాటుతుందో లేదో. విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌లలో నాకు నచ్చనిది ఇదే. మా పరీక్షల క్యాలెండర్ వేరు, అడవి ఫైలు క్యాలెండర్ వేరు.

వెదురు కంటే వెనకటి కథ కూడా ఉంది. 1980లలో ఇంద్రావతి మీద భోపాల్‌పట్నం, గోదావరి మీద ఇచ్చంపల్లి ప్రాజెక్టులు వద్దని ఇటు జనం కదిలారు. ఇచ్చంపల్లి పేరు వినగానే మా ఆడవాళ్లిద్దరూ తలెత్తారు. ఆ పోరాటంలో తిరిగివచ్చాకే సొంత ఊరి పాలన మీద పట్టు పెరిగిందని అక్కడి పెద్దలు చెప్పారు. ఆ ఊరి నాయకుడు దేవాజీ తోఫా పేరు ఆ మాటల్లో చాలాసార్లు వచ్చింది.

అక్కడ ఓట్లు వేసి నిర్ణయించరు. అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా మళ్లీ మాట్లాడుకుంటారు. విషయం అర్థం చేసుకోవడానికి విడిగా అధ్యయన బృందాలున్నాయి. వాటిలో బయటివాళ్లు కూర్చోవచ్చు, తెలిసింది చెప్పవచ్చు. నిర్ణయం మాత్రం గ్రామసభదే. ఇది విన్నాక మా అక్క నావైపు చూసింది. మా గూడెం మీటింగుల్లో సగం సేపు మాట్లాడేది నేనే మరి.

రెండో రోజు పొద్దున మా పటం చాప మీద పరిచాం. ఒక ముసలాయన ఉత్తరపు గుట్ట దగ్గర వేలు పెట్టి, హద్దు వెంబడి జరుపుకుంటూ వచ్చి, ఒకచోట ఆగాడు. గోండిలో ఏదో అన్నాడు. మావాళ్లందరూ గొల్లున నవ్వారు. పటేల్ నవ్వలేదు.

"ఏమన్నాడు తాతా?"

"వాగు తిన్నగా పోతదా అంటుండు."

అక్కడ నా గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. హద్దు నడిచిన రోజు మధ్యాహ్నం నా ఫోన్ చచ్చిపోయింది. పవర్‌బ్యాంక్ గూడెంలో మర్చిపోయాను. మళ్లీ చార్జింగ్ పెట్టింది గుట్ట అవతల. మధ్యలో పోయిన పాయింట్లను ఇంటికొచ్చి గీతతో కలిపేశాను. వాగు మెలిక తిరిగే చోట వాళ్ల దేవర ఉంది, పశువులు మేసే బీడు ఉంది. రెండూ నా గీతకు అవతల పడ్డాయి. ఆ పటమే పై కమిటీకి పోయి ఉంటే వాళ్ల దేవర వాళ్ల అడవిలో ఉండేది కాదు.

"నీకు అప్పుడే తెలుసా?" అని అడిగాను పటేల్‌ను.

"నువ్వు సదువుకున్నోడివి. కాయితంల గట్లనే గీస్తరేమో అనుకున్న."

తిరుగు ప్రయాణంలో బస్సులో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ముఖం చెల్లలేదు. ఆయన మాత్రం జొన్నరొట్టె సగం విరిచి ఇచ్చి, సావలి వచ్చేసరికి నిద్రపోయాడు.

గూడెం చేరిన నాలుగో రోజు మళ్లీ హద్దు నడిచాం. ఈసారి ఆ ఇద్దరు ఆడవాళ్లు ముందు నడిచారు. మగవాళ్లు గుట్టలు, రాళ్లు చూపిస్తే వీళ్లు గడ్డలు తవ్వే చోటు, మొర్రి చెట్లు, ఎండాకాలంలోనూ నీళ్లు ఊరే చెలిమ చూపించారు. వాటిలో మూడు మా పాత కాయితంలో అసలు లేవు. ప్రతి చోటా ఆగి, వాళ్లు చెప్పిన పేరు చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, సరే అన్నాకే ముందుకు కదిలాం. పొద్దుటి నుంచి నడిస్తే సగం హద్దే అయింది.

వాగు మెలిక దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లో ఇంకా 62 శాతం చార్జింగ్ ఉంది. పటేల్ నా భుజం మీదుగా స్క్రీన్ చూసి, "పుస్తకంల గూడ రాయి" అన్నాడు.