ప్లాస్టర్ చుట్టకముందే సగం ఏఎఫ్‌ఓ

ఏఎఫ్‌ఓ (చీలమండనూ పాదాన్నీ పట్టి ఉంచే బ్రేస్) తయారీ ట్రైనింగ్ ఈ వారం ముగిసింది. అందరి కళ్లూ బ్రేస్‌గా మలిచే వేడి పాలీప్రొపిలీన్ (ప్లాస్టిక్) షీట్ మీదే. నన్నడిగితే బ్రేస్ మంచిచెడ్డలు పేషెంట్ బల్ల మీద ఉన్నప్పుడే తేలిపోతాయి.

మోకాలు చాపి ఒకసారి, మడిచి ఒకసారి చీలమండ పైకి ఎంత వంగుతుందో చూడాలి. మడిచినప్పుడే వంగుతుంటే బిగుసుకున్నది గ్యాస్ట్రాక్నీమియస్ అనే పిక్క కండరం. ఈ పరీక్షలో మడమ పక్కకు ఒరగనివ్వకూడదు. ఒరిగితే పాదం మధ్యలో వంగి, చీలమండే వంగిందని మనల్ని నమ్మిస్తుంది. అలా బిగుసుకున్న కాలిని బలవంతంగా 90 డిగ్రీల్లో పెట్టి కాస్ట్ (కాలికి ప్లాస్టర్ చుట్టి తీసే అచ్చు) తీస్తే బ్రేస్‌లో మడమ ఆనదు, లోపలి అంచు ఒరుసుకుని చర్మం లేస్తుంది. చీలమండ ఇచ్చిన కోణంలోనే కాస్ట్ తీసి, మడమ కింద వెడ్జ్‌తో పిక్కను కాస్త ముందుకు వాల్చాలి. ఈ వాలును 10–12 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, నడిపించి చూసి సరిచేసుకోవచ్చు.

ట్రిమ్‌లైన్ (ప్లాస్టిక్‌ను కత్తిరించే అంచు) చీలమండ ఎముకలకు ముందుంటే బ్రేస్ గట్టి, వెనక్కి జరిపితే వంగుతుంది. పై అంచు ఫిబ్యులా తలకు (మోకాలి కింద బయటి వైపు తగిలే ఎముక బొడిపెకు) 2–3 సెం.మీ. కింద ఆగాలి, ఆ తల దగ్గర పాదాన్ని పైకెత్తించే పెరోనియల్ నరం చర్మం కిందే ఉంటుంది.

ఎముక పొడుచుకొచ్చిన చోట్ల కాపీయింగ్ పెన్సిల్ (తడి ప్లాస్టర్‌కు గీత అంటుకునే పెన్సిల్) గుర్తులు మరవద్దు. పాజిటివ్ మోల్డ్ (కాస్ట్‌లో ప్లాస్టర్ పోసి తీసే కాలి నమూనా) మీద ప్లాస్టర్ ఎక్కడ పెంచాలో చెప్పేవి అవే. బ్రేస్ తొడిగి విప్పాక అరగంటకూ చర్మం మీద ఎరుపు తగ్గకపోతే అది మళ్లీ వర్క్‌షాప్‌కే.