బొట్టుబిళ్ల జిగురు, ముఖానికి రాసే క్రీము

ఒంటికి వాడే వస్తువుల వల్ల వచ్చే జబ్బుల మాట ఎత్తితే అందరూ ముందుగా షాంపూల గురించి, సబ్బుల గురించి అడుగుతారు. అవి ఒంటి మీద ఉండేది కొద్ది నిమిషాలే, ఆ తరువాత నీళ్లతో పోతాయి. పొద్దున స్నానం చేసి పెట్టుకున్నది మొదలు రాత్రి పడుకునే దాకా చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండేవాటిని మాత్రం మనం అసలు లెక్కలోకే తీసుకోము. వాటిలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నవి బొట్టుబిళ్ల, ముఖం తెల్లబడటానికని రాసుకునే క్రీము.

విజయవాడ బీసెంట్ రోడ్డులో సాయంత్రం పూట నడిస్తే తోపుడుబండ్ల మీదా, ఫ్యాన్సీ షాపుల గుమ్మాల్లోనూ బొట్టుబిళ్లల అట్టలు రంగురంగులుగా వేలాడుతూ ఉంటాయి. ఏదో ఒక అట్ట తిప్పి చూడండి, ఆ జిగురు దేనితో తయారైందో చెప్పే అక్షరం ఒక్కటి కూడా చాలావాటి మీద కనిపించదు. కొన్ని రకాల జిగురులో పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ టైరోసిన్ అనే పదార్థం నుంచి తయారవుతుంది. ఈ ఫినాల్ నిర్మాణం టైరోసిన్‌ను పోలి ఉంటుంది కాబట్టి రంగును తయారుచేసే కణాల్లోకి చొరబడి, చివరకు ఆ కణాలనే చంపుతుంది. అందుకే కొందరికి సరిగ్గా బొట్టు పెట్టుకునే చోటే తెల్లమచ్చ తేలుతుంది. చర్మవైద్యులు దీన్ని బిందీ ల్యూకోడెర్మా అంటారు. ముందు దురదో ఎర్రదనమో వచ్చి హెచ్చరిస్తుందన్న భరోసా కూడా లేదు, కొందరికి నేరుగా మచ్చే కనిపిస్తుంది.

మా పిన్నికి కనుబొమల మధ్య మినపగింజంత మచ్చ వచ్చినప్పుడు ఆవిడ చేసిన పని మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లు చేసేదే. మచ్చ కనపడకుండా ఇంకాస్త పెద్ద బిళ్ల పెట్టుకోవడం మొదలుపెట్టింది. బొల్లి అనుకుంటారేమోనని, పెళ్లి కావలసిన పిల్ల ఇంట్లో ఉండగా నలుగురూ ఏమంటారోనని ఆవిడ భయం. మచ్చతో పాటు బిళ్ల, బిళ్లతో పాటు మచ్చ పెరుగుతూ వచ్చాయి. చివరకు గుంటూరులో చూపించినప్పుడు డాక్టరమ్మ "ఏ బొట్టు పెడతారమ్మా?" అని అడిగి, వెంటనే పాదాలు చూపించమన్నారు. రబ్బరు చెప్పుల పట్టీల్లోనూ ఇలాంటి రసాయనాలే ఉండవచ్చు కాబట్టి, నుదుటి మీద మచ్చతో వచ్చినవాళ్ల పాదాలు కూడా చూడాలట. బిళ్లలు పూర్తిగా మానేసి, ఇచ్చిన మందు వాడాక అంచుల నుంచి చిన్నచిన్న చుక్కలుగా రంగు తిరిగి వచ్చింది. అందరికీ అలా రాదు. కొందరిలో జిగురు ఎన్నడూ తగలని చోటికి కూడా మచ్చలు పాకుతాయి. కనుక మచ్చను దాచడంలో పోయే ప్రతి నెలా నష్టమే.

బిళ్ల మానేసి కుంకుమ పెట్టుకుందామంటే అక్కడా కాస్త చూసుకోవాలి. పసుపులో సున్నం వంటి క్షారం కలిపితే వచ్చే ఎరుపు వేరు, కృత్రిమ రంగులు కలిపి అమ్మే పొడి ఎరుపు వేరు. రెండవ రకం కొందరికి నుదురు నల్లబడేలా చేస్తుంది.

ఇక క్రీముల సంగతి. వారం పది రోజుల్లో రంగు తేలిందంటే సంతోషించడం కాదు, అనుమానించాలి. అలాంటి కొన్ని క్రీముల్లో ఉండే పాదరసం మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది, అందుకే ఆ వేగం. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం కంటి చుట్టూ వాడేవి కాక మిగిలిన వాటిలో, పొరపాటున చేరిన పాదరసం సైతం 1 పీపీఎం, అంటే కిలోకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. దొంగచాటుగా అమ్మే క్రీముల్లో వేల పీపీఎం బయటపడిన సందర్భాలున్నాయి. చర్మం గుండా రక్తంలో చేరిన పాదరసం మూత్రపిండాల వడపోతను దెబ్బతీస్తుంది, మూత్రంలో ప్రోటీన్ పోతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు బయటపడింది. క్రీము ఆపాక వారిలో చాలామంది కోలుకోవడం ఊరటనిచ్చే విషయం. మూత్రం నురగగా పోవడం, పాదాలు, కళ్ల కింద వాపు కనిపిస్తే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి ఊరుకోకూడదు. రాసుకున్నవాళ్ల దిండ్లు, తువ్వాళ్ల ద్వారా ఇంట్లో పసిపిల్లలకూ పాదరసం అంటుతుంది.

మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీముల ప్రమాదం మరో రకం. అవి చర్మాన్ని పలచన చేస్తాయి, మానేయగానే ముఖం ఎర్రబడి మండుతుంది, ఆ మంటకు తాళలేక మళ్లీ అదే రాస్తారు. వీటితో పోలిస్తే, క్రీములు, షాంపూలు చెడిపోకుండా కలిపే, అందరూ భయపడే పారాబెన్‌ల విషయంలో మనుషులకు హాని జరుగుతున్నట్టు చూపే ఆధారాలు బలహీనమైనవని నా అభిప్రాయం. నా ఆందోళనను ముందు జిగురుకూ, పాదరసానికీ, స్టెరాయిడ్లకూ కేటాయిస్తాను.

డబ్బా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, కలిపిన పదార్థాల పేర్లు లేకపోతే కొనకండి. ఇప్పటికే మచ్చో వాపో ఉంటే డాక్టరు దగ్గరకు ఒట్టి చేతులతో వెళ్లవద్దు. వాడుతున్న క్రీము డబ్బా, బొట్టుబిళ్లల అట్ట, రోజూ తొడిగే చెప్పులు వెంట తీసుకువెళితే కారణం పట్టుకోవడం వారికి సులువవుతుంది.