హొషీ, తై: జపనీస్‌లో ‘కావాలి’ అనడం ఎలా?

నీళ్ళు కావాలి, వీసా కావాలి, తమ్ముడికి ఫోన్ కావాలి, మీకు కాఫీ కావాలా అండీ? తెలుగులో ‘కావాలి’ ఒక్కటుంటే ఇవన్నీ గడిచిపోతాయి. జపనీస్‌లో ఈ నాలుగూ నాలుగు రకాల వాక్యాలు. రూపాలు నేర్చుకోవడం ఒక పూట పని. ఏది ఎక్కడ వాడాలన్న దగ్గరే చాలామంది తడబడతారు.

వస్తువు కావాలంటే ‘హొషీ’. ‘వతషి వ మిజు గ హొషీ దెస్’ అంటే నాకు నీళ్ళు కావాలి. హొషీ క్రియ కాదు, విశేషణం. అందుకే మిజు పక్కన కర్మకు వాడే ‘ఒ’ కాకుండా ‘గ’ వస్తుంది. మనకిది వింతేం కాదు, మనమూ ‘నీళ్ళను కావాలి’ అనం కదా. కాకపోతే ‘నాకు’ ఉంది కదా అని ‘వతషి ని’ అనేస్తుంటారు. అది తప్పు, ఇక్కడ ‘వతషి వ’ అనే అనాలి.

అక్కర్లేదు అనడానికి హొషికునై, కావాలనిపించింది అంటే హొషికత్త, అనిపించలేదు అంటే హొషికునకత్త. చివర దెస్ చేరిస్తే మర్యాద. దెస్‌కు భూతకాలం దెషిత అని నేర్చుకుని ఉంటారు కాబట్టి ‘హొషీ దెషిత’ అని నోరు జారుతుంది. ఇలాంటి విశేషణాల్లో కాలం విశేషణంలోనే మారుతుంది, దెస్ అలాగే ఉండిపోతుంది: హొషికత్త దెస్.

ఏదైనా పని చేయాలనుంటే ‘తై’. క్రియకున్న మస్ రూపం, అంటే మర్యాదగా మాట్లాడేటప్పుడు వాడే రూపం తీసుకుని, మస్ కొట్టేసి, తై తగిలించాలి. తబెమస్ (తినడం) తబెతై అవుతుంది, నొమిమస్ (తాగడం) నొమితై, ఇకిమస్ (వెళ్ళడం) ఇకితై. దారి తప్పే క్రియలుగా పేరుబడ్డ షిమస్ (చేయడం), కిమస్ (రావడం) కూడా బుద్ధిగా షితై, కితై అయిపోతాయి. నిఘంటువు రూపానికి అతికించి ‘తబెరుతై’ అన్నా, క్రియ పక్కన హొషీ పెట్టి ‘తబెరు హొషీ’ అన్నా తప్పే. తై చేరాక ఆ మాట కూడా హొషీ లాగే మారుతుంది: తబెతకునై, తబెతకత్త, తబెతకునకత్త.

‘మిజు ఒ నొమితై’, ‘మిజు గ నొమితై’ రెండూ సరైనవే. వస్తువుకూ క్రియకూ మధ్య వేరే మాటలు దూరితే ‘ఒ’ నయం. మిగతా ప్రత్యయాలను ముట్టుకోవద్దు. జపాన్ వెళ్ళాలనుంది అంటే ‘నిహొన్ ని ఇకితై’, స్నేహితుణ్ణి కలవాలనుంది అంటే ‘తొమొదచి ని ఐతై’.

అసలు చిక్కు మన ‘ఆలి’తో. ‘రేపు ఆఫీసుకు వెళ్ళాలి’ని ఇకితై అని చెబితే, ఆఫీసుకు వెళ్ళడానికి ఉబలాటపడిపోతున్నట్టు ఉంటుంది. అక్కడ ఉన్నది కోరిక కాదు, తప్పనిసరి. కాబట్టి ‘ఇకనకెరెబ నరిమసెన్’. వీసా కావాలి కూడా అంతే. వీసా అవసరం గానీ ముచ్చట కాదు, అందుకే ‘బిజ గ ఇరిమస్’. అనుమానం వస్తే తెలుగు వాక్యం చివర ‘అనుంది’ చేర్చి చూడండి. ‘వెళ్ళాలనుంది’ అన్నా మీ ఉద్దేశం చెడకపోతే తై వాడొచ్చు. చెడితే వాడొద్దు.

ఇక ఇతరుల కోరిక. హొషీ, తై మామూలుగా మన మనసులోది చెప్పడానికే. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో మనకు తెలిసినట్టు చెప్పడం జపనీస్‌లో కుదరదు. తమ్ముడికి ఫోన్ కావాలంటే ‘ఒతోతొ వ సుమహొ ఒ హొషిగత్తె ఇమస్’, అంటే కావాలన్నట్టు కనబడుతున్నాడని. ఇక్కడ ‘గ’ పోయి ‘ఒ’ వచ్చింది చూశారా, హొషిగరు క్రియ కాబట్టి. తైకి ఇలాంటిదే తగరు: ఇకితగత్తె ఇమస్. పెద్దవాళ్ళ గురించి మాత్రం ఈ గరు రూపం వాడకండి, మారాం చేస్తున్నారన్న ఛాయ వస్తుంది. వాళ్ళు అన్నదాన్ని ‘తొ ఒష్షత్తె ఇమస్’ అని చెప్పడం క్షేమం.

‘మీకు కాఫీ కావాలా అండీ’ మనకు నిండు మర్యాద. అదే మాస్టారి దగ్గర ‘కోహీ గ నొమితై దెస్ క’ అంటే, దెస్ ఉన్నా సరే, ఆయన కోరికను నిలదీసినట్టుంటుంది. ‘కోహీ వ ఇకగ దెస్ క’ అనండి.

దుకాణంలో హొషీతో పనే లేదు. ‘కొరె ఒ కుదసై’ చాలు, హోటల్లో ‘మిజు ఒ ఒనెగై షిమస్’. దారి అడగాలంటే తై భలే పనికొస్తుంది: ‘తోక్యో ఎకి ని ఇకితై న్ దెస్ గ...’ అంటే తోక్యో స్టేషన్‌కు వెళ్దామనుకుంటున్నానండీ, కానీ... అని. ప్రశ్న పూర్తి చేయక్కర్లేదు, ఆ ‘గ’ దగ్గర ఆగితే ఎదుటివాళ్ళు దారి చెబుతారు. పిలిచినచోటికి రాలేనని చెప్పేటప్పుడూ ఇలా సగంలో ఆపడమే పద్ధతి. ‘ఇకితకునై దెస్’ వ్యాకరణం ప్రకారం ఒప్పే గానీ మొహం మీద కొట్టినట్టుంటుంది. ‘దొయోబి వ చొత్తొ...’ అంటే శనివారం కాస్త... అని, అంతే.

వేరేవాళ్ళు ఏదైనా చేయాలని మనకుంటే క్రియ తె రూపానికి (కిమస్‌కైతే కితె) హొషీ చేర్చాలి, చేయాల్సిన మనిషికి ‘ని’ పెట్టాలి: ‘ఒతోతొ ని కితె హొషీ’, తమ్ముడు రావాలని ఉంది. ఇంట్లోవాళ్ళ దగ్గరా స్నేహితుల దగ్గరా ఇది చెల్లుతుంది. పై అధికారి చెప్పింది అర్థం కాకపోతే ‘ఇత్తె హొషీ దెస్’ (మీరు చెప్పాలని ఉంది) అనకుండా ‘మో ఇచిదొ ఇత్తె ఇతదకెమసెన్ క’, అంటే ఇంకోసారి చెబుతారా అండీ అని అడగండి.