ఎడమ వైపు వెనక చక్రం

బుధవారం.

నేను ముద్దాయి తరఫున వాదిస్తున్న 304-ఎ కేసులో (పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యం వల్ల మరణం) ఇవాళ ఇద్దరు సాక్షులు వచ్చారు. చనిపోయినాయన భార్య, పంక్చర్ షాపు అతను. సమన్లు అందలేదనో, ప్రభుత్వ వకీలు ఏపీపీ గారు సెలవనో ఇన్నాళ్లూ వాయిదాలు పడుతూ వచ్చిన కేసు. ఇద్దరూ ఒకేసారి దొరికేసరికి చీఫ్ (ప్రభుత్వ వకీలు అడిగేది), క్రాస్ (నేను అడిగేది) రెండూ ఈ పూటే కానిచ్చేద్దామన్నారు మేజిస్ట్రేట్ గారు. నాకూ అదే కావాలి. చీఫ్ ఇవాళ, క్రాస్ ఇంకో నెలలో అంటే, ఈలోపు సాక్షికి ఎవరెవరు ఏం చెబుతారో ఎవరికి తెలుసు!

కేసు 2023 ఏప్రిల్‌ది. మా క్లయింట్ ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. విజయవాడలో పెళ్లి చూసుకుని 65వ నంబరు హైవే మీద రాత్రిపూట తిరిగొస్తున్నాడు. కోదాడ దాటాక డివైడర్ గ్యాప్‌లోంచి ఒక టీవీఎస్ ఎక్సెల్ అడ్డం వచ్చింది. కారు తగిలి చనిపోయిన ఆ బండి మీది రైతు, యాసంగి వడ్లు ధాన్యం కొనే ఐకేపీ సెంటర్లో కుప్ప పోసి, రాత్రి కాపలా పడుకోవడానికి బయలుదేరాడు. బండి మీద మడత పెట్టిన పట్టా, దుప్పటి ఉన్నాయని పంచనామాలో రాశారు. మావాడు కారు పక్కన ఆపి 108కి ఫోన్ చేశాడు, అంబులెన్స్ వెనకే ఆస్పత్రికి వెళ్లాడు, అక్కణ్ణుంచి తనే స్టేషన్‌కి పోయాడు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవర్ని చెయ్యమన్నది దాదాపు ఇదే. చేసినందుకు నేరం పోదు. కానీ చెయ్యనివాడి కేసు ఎలా ఉంటుందో చూశాను కాబట్టి, ఈ కాగితాలు చూసుకున్నప్పుడల్లా కాస్త ఊపిరాడుతుంది.

కోర్టుకి అతనితోపాటు వాళ్ల నాన్నగారు కూడా వస్తారు. రిటైర్డ్ ఉద్యోగి, ఫైలు మా గుమాస్తా కంటే బాగా సర్దిపెట్టుకుంటారు. వాట్సాప్‌లో ఎవరు ఏది పంపినా నాకు చూపిస్తారు. ఇవాళ పొద్దున కూడా, "అమ్మా, పదేళ్లు వేస్తారంట కదా" అన్నారు. మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. 304-ఎ కింద గరిష్ఠం 2 ఏళ్లు. 2024 జులై 1న పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన న్యాయ సంహితలో అదే నేరం 106(1), అక్కడ 5 ఏళ్లు. మనవాడి ప్రమాదం అంతకుముందుది కాబట్టి పాత శిక్షే వర్తిస్తుంది, తర్వాత పెంచిన శిక్షను వెనక్కి తెచ్చి వెయ్యకూడదని రాజ్యాంగం 20వ అధికరణలోనే ఉంది. ఆ పదేళ్లు 106(2)లోవి, గుద్ది ఎవరికీ చెప్పకుండా పారిపోయినవాళ్లకి. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేసింది, హైదరాబాద్‌లో జనం పెట్రోల్ బంకుల ముందు బారులు తీరింది దాని గురించే. మిగతా సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఒక్క క్లాజును కేంద్రం పక్కన పెట్టింది. ఆయన అంతా విని, "మరి సల్మాన్ ఖాన్ బయటపడ్డాడుగా" అన్నారు. 2002లో ప్రమాదం, 2015 మేలో సెషన్స్ కోర్టు 5 ఏళ్లు, అదే ఏడాది డిసెంబర్లో హైకోర్టు కొట్టివేత. పదమూడేళ్లు తిరగడానికి మీకు ఓపిక ఉందా అని అడగబోయి ఊరుకున్నాను.

చనిపోయినాయన భార్యను పి.డబ్ల్యూ.1గా, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షిగా పిలిచారు. భర్త వడ్ల కాడికి పోయిండు, రాత్రి ఫోనొచ్చింది, ఆస్పత్రికి పోయేసరికి పానం లేదు, దరఖాస్తు ఇచ్చిన. చీఫ్ అంతే. క్రాస్‌లో నేను అడిగింది ఒకటే: "ప్రమాదం జరిగినప్పుడు మీరక్కడ లేరు కదమ్మా?" లేనంది. కూర్చున్నాను.

పోయిన వారం ఈ క్రాస్ గురించే క్లయింట్ నాన్నగారికీ నాకూ కొంచెం మాటామాటా వచ్చింది. "ఆయన తాగి ఉన్నాడని అడగండమ్మా, మనకు బలం వస్తుంది" అని ఆయన పట్టు. పోస్ట్‌మార్టం రిపోర్టులో మద్యం మాటే లేదు. ఏ ఆధారమూ లేకుండా ఆ ప్రశ్న వేస్తే ఆమె ఏడుస్తుంది, మేజిస్ట్రేట్ గారు కళ్లజోడు తీసి నా వైపు చూస్తారు, మిగతా సాక్షుల విషయంలో ఆయన నాకిచ్చే చనువు కూడా పోతుంది. పైగా నా కేసుకు ఆ రైతు చెడ్డవాడు కానక్కర్లేదు. మా వాడి నిర్లక్ష్యం ఉందని ప్రాసిక్యూషన్ చూపించలేకపోతే చాలు.

తర్వాత పంక్చర్ షాపు అతను. ఛార్జిషీటు ప్రకారం ఇతనే ప్రత్యక్ష సాక్షి, కేసంతా ఇతని మీదే నిలబడి ఉంది. చీఫ్‌లో అప్పజెప్పినట్టే చెప్పాడు: కారు డ్రైవర్ అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి బండిని గుద్దాడు. ఏ ఊరి స్టేషన్లో రాసిన ఛార్జిషీటులోనైనా ఈ వాక్యం ఇలాగే ఉంటుంది.

షాపు ఎటువైపు అని అడిగాను. విజయవాడ పోయే వైపు. ప్రమాదం? డివైడర్‌కి అవతల, హైదరాబాద్ పోయే వైపు. డివైడర్లో చెట్లున్నాయా? గన్నేరు చెట్లున్నయి. అప్పుడు మీరేం చేస్తున్నారు? లారీ టైరు విప్పుతున్న. ఏ టైరు? ఎడమ దిక్కు ఎనుక టైరు. ఎలా కూర్చున్నారో ఒకసారి చూపిస్తారా అన్నాను. అతను నిజంగానే బోనులో గొంతుక్కూర్చున్నాడు. చెక్క అడ్డం వచ్చి మనిషి కనిపించకుండా పోయాడు. చేతులు మాత్రం పైకొచ్చి గాల్లో స్పానర్ తిప్పుతున్నాయి. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు, అటెండరు ఉష్ అన్నాడు. అప్పుడడిగాను: "మీకు ముందు లారీ, లారీ అవతల రోడ్డు, దాని అవతల డివైడర్. కూర్చుంటే అవతలి రోడ్డు కనబడుతుందా?" కింది నుంచే జవాబిచ్చాడు. "కూసుంటే ఎట్ల కనబడ్తది మేడం? సప్పుడైనంక లేసి ఉరికిన."

మేజిస్ట్రేట్ గారు ఆ మాటని స్టెనోకి చెప్పి టైపు చేయించేదాకా నేను అతని వైపు చూడలేదు. ఇంకో ప్రశ్న ఉందా అంటే లేదన్నాను.

బయటికి రాగానే క్లయింట్ నాన్నగారు పట్టుకున్నారు, స్పీడు ఎంతో ఎందుకు అడగలేదని. అడిగితే వంద పైనే అంటాడు సార్, అన్నాక అది రికార్డులోకి ఎక్కుతుంది. అడగనంతవరకూ 'అతివేగం' అంటే ఎంతో ఎవరికీ తెలియదు. కర్ణాటక ప్రభుత్వం వర్సెస్ సతీష్ కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పింది ఈ సంగతే. వేగంగా వెళ్లాడన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు, సాక్షి దృష్టిలో వేగమంటే ఎంతో చెప్పించాల్సిన పని ప్రాసిక్యూషన్‌ది. దారిలోని చిల్లకల్లు టోల్ ప్లాజా ఫాస్టాగ్ రికార్డు తెచ్చి మన వేగం తక్కువని లెక్కగట్టి చూపిద్దామని కూడా ఆయనే తెచ్చారు ఒక కాగితం. ఎఫ్ఐఆర్‌లో ప్రమాదం టైము 'సుమారు' అని ఉంది. ఆ సుమారు పది నిమిషాలు అటూ ఇటూ అయితే మన లెక్కే మన మెడకు చుట్టుకుంటుంది. ఎదుటివాళ్లు రుజువు చెయ్యాల్సిన దాన్ని మనం ఎందుకు నెత్తిన వేసుకోవాలి? కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నచ్చలేదు ఆయనకి.

మా క్లయింట్ గోల ఇంకొకటి. ప్రతి వాయిదాకీ చనిపోయినాయన భార్యతో ఒక్కసారి మాట్లాడతానంటాడు, క్షమించమని అడగాలట. వద్దని గట్టిగా చెప్పాను. సాక్షిని ప్రలోభపెట్టాడని ఒక్క మెమో పడితే బెయిలు మీదకొస్తుంది. పోనీ నేరం ఒప్పేసుకుని ఫైన్ కట్టేస్తా, పాస్‌పోర్టు రెన్యువల్‌కి కోర్టు చుట్టూ తిరిగే బాధన్నా తప్పుతుందంటాడు. సీటు బెల్టు కేసు కాదిది, ఒప్పుకుంటే జైలు కూడా పడొచ్చు. దల్బీర్ సింగ్ కేసులో 2000లో సుప్రీంకోర్టు, ఇలాంటి కేసుల్లో జైలు లేకుండా ప్రొబేషన్ మీద వదిలెయ్యడానికి ఒప్పుకోలేదు. అతని బాధ నిజమైనదే. ఆ బాధ వేరు, నేరం ఒప్పుకోవడం వేరు. ఎన్నిసార్లు చెప్పినా అతనికి ఈ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

మెట్ల దగ్గర ఆమే నన్ను ఆపింది. "మేడం, మీరు గెలిస్తే నా పైసల కేసుకేం కాదు గదా?" ట్రిబ్యునల్లో పరిహారం కేసు నడుస్తోంది. ఆమెకు అక్కడ వేరే లాయరున్నారు, ఎదుటి పక్షం వకీలుగా నేను సలహా చెప్పకూడదు. మీ లాయరుగారిని అడగమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. ఆ కేసు వేరు, ఈ కేసు వేరు, వాళ్లనే అడుగు అన్నాను మళ్లీ. అంతకంటే చెప్పలేను గానీ సంగతి అంతే. క్రిమినల్ కేసు కొట్టేసినా ట్రిబ్యునల్ తన ముందున్న సాక్ష్యాన్ని తను చూసుకుంటుంది. అక్కడ అనుమానానికి తావు లేకుండా రుజువు చెయ్యక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగ్గదో తేలితే చాలు. చెల్లించేది ఇన్సూరెన్స్ కంపెనీ.

సాయంత్రం ఆఫీసులో కొత్త కేసు. కారు తండ్రి పేరు మీద ఉంది, నడిపింది కొడుకు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) మాత్రమే ఉంది, పక్కన ఎవరూ లేరు. నడిచి వెళ్తున్న ఒక ముసలాయనకి తగిలింది. మొదట గాయాల సెక్షన్ పెట్టారు, సోమవారం ఆయన ఆస్పత్రిలో పోవడంతో 106(1)కి మార్చారు. తండ్రి నా ముందు కూర్చుని గొంతు తగ్గించి, "ఎఫ్ఐఆర్‌లో కారు డ్రైవర్ అని మాత్రమే ఉంది మేడం. మా దగ్గర పనిచేసే డ్రైవర్ని పెట్టేద్దాం. లైసెన్సు ఉంది, అతనికి మేం చూసుకుంటాం" అన్నారు. కొడుకు నేల చూస్తున్నాడు.

ఇలా అడిగినవాళ్లు ఇదివరకూ ఉన్నారు. ఇదివరకటి కంటే ఇప్పుడు తొందరగా బయటపడుతుందన్నది వాళ్లకి తట్టదు. ప్రతి షాపు ముందూ కెమెరా, ప్రతి జేబులో ఫోను. ఎవరు నడిపారో చెప్పమని ఓనరుకి మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద నోటీసు వస్తే రాతపూర్వకంగా చెప్పాల్సింది ఈయనే. అక్కడ అబద్ధం రాస్తే, కొడుకు మీద బెయిలబుల్ కేసు ఒకటి, తండ్రి మీద నేరస్థుణ్ణి దాచిన కేసు ఇంకొకటి. 2024 మేలో పుణెలో మైనర్ అబ్బాయి నడిపిన పోర్షే కారు కేసులో జరిగింది అదేనని చెప్పాను. నేరం డ్రైవర్ మీదకు నెట్టబోయారని, రక్తం నమూనా మార్పించారని ఆరోపణలొచ్చి అబ్బాయి తల్లిదండ్రులు, తాత, డాక్టర్లు కూడా అరెస్టయ్యారు.

ఆయన విన్నారో లేదో. నేను మాత్రం నిజం పెట్టుకుంటే ఏం చెయ్యొచ్చో చెప్పాను, ఎక్కువసేపు కొడుకుతోనే. పూర్తి లైసెన్సు లేకపోవడం వేరే తప్పు, దానికి వేరే శిక్ష. అది లేదు కాబట్టి నిర్లక్ష్యంగానే నడిపాడని అనుకోకూడదని సులేమాన్ రహిమాన్ ములానీ కేసులో సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది, అతనిదీ ఎల్ఎల్ఆరే. కొత్త చట్టంలో 5 ఏళ్ల నేరం కాబట్టి ఇది పెద్ద నేరాల పద్ధతిలో విచారించే వారెంట్ కేసు అవుతుంది, కాగితాలు చేతికిచ్చిన 60 రోజుల్లో, కేసు నుంచి తప్పించమని డిశ్చార్జి పిటిషన్ వేసుకునే వీలుంది. పాత 304-ఎలో ఆ మెట్టు లేదు. ఇన్సూరెన్స్ విషయం మాత్రం దాచలేదు. కంపెనీ చనిపోయినాయన కుటుంబానికి కట్టేసి, పూర్తి లైసెన్సు లేదని ఆ డబ్బు తర్వాత మీ దగ్గర వసూలు చేసుకునే అవకాశం ఉంది, సిద్ధంగా ఉండండి అన్నాను. ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) చూసేదాకా కారు షెడ్డుకి పంపొద్దు, బంపర్ కూడా ముట్టుకోవద్దు. ఫోన్లో మెసేజ్‌లు తుడపొద్దు. నోటీసు ఇస్తే తీసుకుని, పిలిచిన రోజు వెళ్లాలి.

"డ్రైవర్ సంగతి ఆలోచించి చెప్తాం" అని లేచారు. అది ఆలోచించేదైతే వకాల్తా నా దగ్గర కాదు, ఫైలు తీసుకెళ్లండి అన్నాను. తీసుకెళ్లిపోయారు. కొడుకు గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "మేడం, 133 అన్నారు కదా, అది నాకు కూడా వస్తుందా?" అని అడిగాడు. ఓనరుకే బాబూ అన్నాను.

ఆయన అడ్వాన్సుగా తెచ్చిన కవరు కూడా పట్టుకుపోయాడని మా గుమాస్తా ఒకటే గొణుగుడు. నెలాఖరు, జూనియర్లకి ఇవ్వాలి, గొణుగుడు న్యాయమే.

304-ఎలో వచ్చే వాయిదాకి ఎంవీఐ, దర్యాప్తు అధికారి. ఎంవీఐ రిపోర్టులో యాంత్రిక లోపం లేదన్న మామూలు వాక్యం ఉంది గానీ, ఎక్సెల్ హెడ్‌లైట్ వెలుగుతోందో లేదో చూసినట్టు ఎక్కడా లేదు. ఎస్సైగారు గీసిన రఫ్ స్కెచ్‌లో డివైడర్ గ్యాప్ ఉంది, పంక్చర్ షాపు లేదు, లారీ లేదు, గన్నేరు చెట్లూ లేవు. స్కెచ్ ముందు అడగాలా, పంచనామా ముందు అడగాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆదివారం మా లెక్చరర్ క్లయింట్‌ని తీసుకుని ఆ గ్యాప్ దాకా వెళ్లి రావాలి, రాత్రి పూటే, అప్పుడే కదా జరిగింది.