చచ్చినవాడు టీ తాగుతున్నాడు

"చచ్చిపోయాడుగా వీడు!" అని పైకే అనేశాను. బస్సులో పక్కాయన ఉలిక్కిపడ్డాడు. నా చేతిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి కథతో ఒక నవల.

112వ పేజీలో బర్మా సరిహద్దున టాము దారిలో మలేరియాతో పోయిన జవాను, 140కి వచ్చేసరికి ఇంఫాల్ క్యాంపులో టీ తాగుతున్నాడండీ. రంగూన్ ఒకచోట 1942 మార్చిలో జపాన్ వాళ్ల చేతిలో పడిపోయింది (అదే నిజం), ఇంకోచోట 1943లో. హవల్దారు కాస్తా పేరా మారగానే సుబేదారు. 'పశ్చాత్తాపం' అన్న మాటనే మూడు రకాలుగా అచ్చేశారు. నవలంతా దాని గురించే మరి!

కసిగా పెన్సిల్ తీసి దిద్దడం మొదలుపెట్టా.

అప్పుడొచ్చింది ఆ ఘట్టం. బర్మా నుంచి నడిచొస్తున్న జనంలో ఒక తెలుగు కూలీ, రంగూన్ రేవులో బస్తాలు మోసినవాడు, గుక్కెడు నీళ్లడుగుతాడు. హవల్దారు సీసాలో ఉన్నాయి. లేవంటాడు.

నలభై ఏళ్ల తర్వాత, కాకినాడలో. పొద్దున్నే ఆ హవల్దారు అరుగు మీద కుండ నింపి, గ్లాసు బోర్లించాకే కాఫీ ముట్టుకుంటాడు. ఎందుకని భార్య అడగదు. ఆయనా చెప్పడు.

ఆ పేజీలోనూ రెండు తప్పులున్నాయి. పెన్సిల్ ఆడలేదు.

నా స్టాపు ఎప్పుడో దాటిపోయింది. వెనక్కి నడుస్తుంటే ఆ ఎడిటరెవరో గానీ, వాళ్ల మీద కోపం ఇంకా పెరిగింది. ఇలాంటి పేజీ రాసినాయన చేతిలో పెట్టాల్సిన పుస్తకమేనా ఇది?